పిడికెడు బియ్యం – పిల్లల ఆదివారం బడి



మన గూడేల్లో చర్చి ఉన్న చోటల్లా ఆదివారం పొద్దున పిల్లల బడి ఒకటి నడుస్తుంది. ఎక్కడో రేకుల షెడ్డులో, ఎక్కడో చింతచెట్టు కింద. పాటలుంటాయి, కథలుంటాయి. ఉంటే చివర్లో ఒక బిస్కెట్ పొట్లం ఉంటుంది. ఎండాకాలం వచ్చిందంటే వి.బి.ఎస్. పేరుతో వారం, పది రోజుల తరగతులు జరుగుతాయి.

మనలో చర్చికి వెళ్లే కుటుంబాలున్నాయి, ఇలవేల్పులను కొలిచే కుటుంబాలున్నాయి, రెండు చోట్లా చేతులు జోడించేవారూ ఉన్నారు. ఎవరినీ ఏ వైపుకూ పిలవడానికి మేము ఈ వ్యాసం రాయలేదు. ఆ బడి గురించి మన మధ్య రెండు మాటలు తరచుగా వినిపిస్తున్నాయి. "అదంతా బయటి డబ్బు" అనేది ఒకటి. "డబ్బు రావడం ఆగిపోయింది, అందుకే మూసేశాం" అనేది రెండోది. రెండూ డబ్బు మాటలే. కాబట్టి ఆ డబ్బు చరిత్రనే చూద్దాం. పిల్లల బడికి బియ్యం, పలక, దీపం, పంతులు జీతం ఎవరిచ్చారు? ఇచ్చినవారు పాఠాన్ని ఎలా మార్చారు? వారు ఇవ్వడం మానేశాక ఏం మిగిలింది?

ఒక షిల్లింగు జీతం

ఆదివారం బడి అనేది గుడిలో పుట్టిన ఆచారం అనుకుంటాం. నిజానికి అది కూలి పిల్లల కోసం పుట్టింది. ఇంగ్లండులోని గ్లోస్టర్ పట్టణంలో గుండుసూదులు తయారుచేసే కార్ఖానాలుండేవి. పేదల పిల్లలు వారంలో ఆరు రోజులు అక్కడ పనిచేసేవారు. ఆదివారం ఒక్కటే సెలవు. ఆ ఊళ్లో 'గ్లోస్టర్ జర్నల్' అనే పత్రిక నడిపే రాబర్ట్ రైక్స్ 1780లో ఆ పిల్లల కోసం ఆదివారం బడి పెట్టించాడు. చదువు చెప్పే స్త్రీలకు ఆదివారానికి ఒక షిల్లింగు చొప్పున జీతం ఇచ్చాడు. అక్కడ నేర్పింది ముందుగా అక్షరాలు, చదవడం. తర్వాతే మిగిలినవి.

ఈ ఆలోచన త్వరగా పాకింది. 1785లో లండన్‌లో ఇలాంటి బడులకు సాయం చేయడానికే ఒక సంఘం ఏర్పడింది. చందాలు పోగు చేసి పుస్తకాలు కొనిచ్చేది, పంతుళ్లకు జీతాలిచ్చేది. బడులు పెరిగేకొద్దీ జీతాల భారం మోయడం కష్టమైంది. క్రమంగా జీతం లేని పంతుళ్లు వచ్చారు. పగలంతా మగ్గం దగ్గరో కార్ఖానాలోనో పనిచేసేవారే ఆదివారం పిల్లల ముందు కూర్చున్నారు. అదే బడిలో చదువుకున్న పిల్లలు పెద్దయి పంతుళ్లయ్యారు. ఆదివారం బడిని ఇన్నాళ్లు నిలబెట్టినది ఈ మార్పే.

ఇక్కడ గుర్తుంచుకోవలసిన సంగతి మరొకటి ఉంది. 1789 నుంచి మెండిప్ కొండల ప్రాంతంలో హన్నా మోర్ అనే రచయిత్రి పేద పిల్లల కోసం బడులు నడిపారు. ఆమె శ్రమ సామాన్యమైనది కాదు. అయితే ఆమె బడుల్లో చదవడం నేర్పేవారు, రాయడం నేర్పేవారు కాదు. చదువుకుంటే కూలీలు మాట వినరని అక్కడి భూస్వాములకు భయం. చందాలిచ్చేది కూడా ఆ పై తరగతివారే. పేదవాడికి గ్రంథం చదివేంత చదువు చాలు, కలం పట్టే చదువు అక్కర్లేదన్నది ఆ కాలపు పెద్దల అభిప్రాయం. పిల్లవాడి చేతికి పలక ఇవ్వాలా వద్దా అనే నిర్ణయం ఆ పిల్లవాడి తల్లిదండ్రులది కాలేదు.

మెడలో చెక్కముక్క, చేతిలో సొంత భాష

ఇంగ్లండు పక్కనే వేల్స్ ఉంది. కొండల దేశం. వాళ్ల భాష ఇంగ్లీషు కాదు, వెల్ష్. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడి చాలా బడుల్లో వెల్ష్ మాట్లాడిన పిల్లవాడి మెడలో ఒక చెక్కముక్క వేలాడదీసేవారు. అతడు మరో పిల్లవాడు వెల్ష్ మాట్లాడగా పట్టుకుంటే ఆ చెక్క వాడి మెడలోకి మారేది. సాయంత్రం బడి వదిలేసరికి ఎవరి మెడలో ఉంటే వారికి దెబ్బలు. మన భాష మాట్లాడినందుకు హాస్టల్లోనో బడిలోనో మాటలు పడ్డ పెద్దలు మన ఇళ్లలోనూ ఉన్నారు. వాళ్లకు ఈ కథ విడమరచి చెప్పనక్కర్లేదు. 1847లో ప్రభుత్వ అధికారులు వేల్స్ చదువుల మీద ఇచ్చిన నివేదిక, ఆ జనం వెనుకబాటుకు వాళ్ల భాషే కారణమన్నట్టు రాసింది. వెల్ష్ ప్రజలు ఆ అవమానాన్ని తరాలపాటు మరచిపోలేదు.

అదే దేశంలో ఆదివారం బడి మాత్రం వెల్ష్ భాషలోనే సాగింది. బాలా అనే ఊరికి చెందిన థామస్ చార్లెస్ 1780లలో సంచార బడులు నడిపి, వాటి వెనుకే ఆదివారం బడులను నిలబెట్టాడు. అక్కడ పిల్లలతోపాటు తాతలూ అవ్వలూ కూర్చుని అక్షరాలు దిద్దారు. పంతుళ్లు ఊరివారే. జీతాల్లేవు. పైనుంచి అజమాయిషీ లేదు కాబట్టి ఏ భాషలో చెప్పాలో ఎవరూ ఆజ్ఞాపించలేదు.

మేరీ జోన్స్ అనే నేతపనివారి అమ్మాయి ఇలాంటి చదువు వల్లే చదవడం నేర్చుకుంది. సొంత భాషలో గ్రంథం కొనుక్కోవడానికి కొన్నేళ్లు పైసా పైసా కూడబెట్టింది. 1800లో దాదాపు 40 కిలోమీటర్లు నడిచి బాలాకు వెళ్లి థామస్ చార్లెస్ దగ్గర కొనుక్కుంది. అప్పుడామెకు పదిహేను, పదహారేళ్లు. 1804లో లండన్‌లో బైబిల్ సొసైటీ ఏర్పడడానికి దారితీసిన సంగతుల్లో ఈమె కథ ఒకటిగా చెబుతారు. బడిలో ఇచ్చే కానుకలకంటే, తన భాషలో చదవగలగడం ఒక పేద పిల్లను ఎంత దూరం నడిపించిందో చూడండి.

కొండల నుంచి కొండలకు

ఆ వెల్ష్ చర్చివాళ్లే 1840లో సొంత మిషన్ పెట్టుకున్నారు. వాళ్లు పంపిన థామస్ జోన్స్ అనే యువకుడు మరుసటి ఏడాది, 1841లో, మన దేశంలోని ఖాసీ కొండలకు, చిరపుంజికి చేరాడు. అతడు ఖాసీ భాషకు రోమన్ లిపిలో అక్షరాలు కూర్చాడు. తన వెల్ష్ భాష రాసే పద్ధతినే ఖాసీకి అమర్చాడు. ఆ పద్ధతి ఛాయలు ఖాసీ రాతలో నేటికీ కనిపిస్తాయి.

మిజో కొండల కథ మన విషయానికి ఇంకా దగ్గర. 1894 జనవరి 11న లోరైన్, సావిడ్జ్ అనే ఇద్దరు యువకులు అక్కడ అడుగుపెట్టారు. వాళ్ల ఖర్చు భరించింది ఇంగ్లండులోని లీడ్స్ నగరానికి చెందిన రాబర్ట్ ఆర్థింగ్టన్ అనే ధనికుడు. ఆయన చాలా పొదుపరి, దాత. అయితే ఆయనకు ఒక పట్టింపు ఉంది. బోధకులు ఒకచోట ఎక్కువకాలం ఉండకూడదు, సువార్త చెప్పి ముందుకు సాగిపోవాలి. ఆ ఇద్దరూ మిజో భాష నేర్చుకుని, దానికి అక్షరాలు కూర్చి, మొదటి వాచకం తయారుచేశారు. పని కుదురుకునే సమయానికి, 1897 చివర్లో, దాత పద్ధతి ప్రకారం కొండ దిగి వెళ్లవలసి వచ్చింది. 1903లో వేరే మిషన్ తరఫున మిజో కొండల దక్షిణ ప్రాంతానికి తిరిగి వచ్చేదాకా వాళ్లు ఆ ప్రజల మధ్య లేరు.

దాత చెడ్డవాడని మేము అనడం లేదు. కానీ ఒక్కరి సొమ్ముతో నడిచే పని ఆ ఒక్కరి ఆలోచనతోనే ఆగుతుంది. వాళ్లు వెళ్లిపోయాక మిగిలింది అక్షరమాల, వాచకం. 1897లోనే వచ్చిన వెల్ష్ మిషన్ దాన్ని అందుకుంది. సొంత భాషలో చదువుకునే ఆదివారం బడి వాళ్లకు పుట్టింటి అలవాటు. మిజోల ఆదివారం బడిలో కూడా పిల్లలూ పెద్దలూ అందరూ కూర్చుంటారు. మిజో భాషలోనే చదువుకుంటారు.

వంటింట్లో పుట్టిన నిధి

డబ్బు తక్కువగా ఉన్న కొండ ప్రజలు ఇంత పని ఎలా నడిపారు? ఈ ప్రశ్నకు జవాబు మిజో స్త్రీల దగ్గర ఉంది. 1910 ప్రాంతంలో వాళ్ల చర్చిలో ఒక పద్ధతి మొదలైంది. పేరు 'బుహ్‌ఫాయ్ థమ్'. అంటే పిడికెడు బియ్యం. ఇల్లాలు పూటకు బియ్యం కొలిచేటప్పుడు అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది. చర్చి స్త్రీలు వంతులవారీగా ఇల్లిల్లూ తిరిగి ఆ బియ్యం పోగు చేస్తారు. అమ్మగా వచ్చిన డబ్బు చర్చి పనులకు వెళుతుంది. కట్టెలకు వెళ్లినప్పుడు ఒక కట్టె పక్కన పెట్టడం కూడా ఇలాంటి అలవాటే.

ఈ పద్ధతిలో మూడు మంచి గుణాలున్నాయి. మొదటిది, పేద ఇల్లు కూడా ఇవ్వగలదు. చేతిలో రూపాయి లేకపోయినా పొయ్యి మీద ఎసరు ఉంటే చాలు. రెండోది, ఇచ్చేది స్త్రీ. సభలో మాట్లాడే అవకాశం లేని ఇల్లాలు కూడా పని ఖర్చులో వాటాదారు అయింది. మూడోది పిల్లల సంగతి. అమ్మ రోజూ డబ్బాలో పిడికెడు వేయడం పిల్ల చూస్తూ పెరుగుతుంది. తన బడికి బియ్యం ఎక్కడి నుంచి వస్తున్నాయో ఆ పిల్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

1966లో మిజో కొండల్లో తిరుగుబాటు లేచింది. ఐజ్వాల్ మీద విమానాలతో బాంబులు వేశారు. ఊళ్లకు ఊళ్లను ఖాళీ చేయించి ఒకచోట చేర్చారు. ఆ తర్వాతి సంవత్సరాల్లో విదేశీ మిషనరీలు దేశం విడిచి వెళ్లవలసి వచ్చింది. కానీ మిజో చర్చి కూలిపోలేదు. పంతుళ్లూ బోధకులూ అప్పటికే తమవాళ్లు, నిధి తమ వంటింటిది. 'బుహ్‌ఫాయ్ థమ్' వందేళ్లు దాటి నేటికీ సాగుతోంది.

మన గోదావరి ఒడ్డున

ఇక మన గోదావరి ఒడ్డుకు వద్దాం. 1860 ప్రాంతంలో ఎగువ గోదావరిలో పడవలు నడపాలని ఆంగ్ల ప్రభుత్వం పెద్ద ఎత్తున పనులు పెట్టింది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ ఆలోచన అది. దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట పనులకు హేగ్ అనే ఇంజినీరు అధికారి పెద్ద. ఆయన ప్రోత్సాహంతో అక్కడే కోయల మధ్య చర్చి మిషన్ మొదలైంది. మొదటి బోధకుడు దొర కాదు. ఆ పనుల్లోనే ప్రభుత్వ ఉద్యోగం చేసిన వెంకటరామరాజు అనే తెలుగువాడు ఉద్యోగం వదులుకుని ఆ పనిలోకి వచ్చాడు.

1871లో ప్రభుత్వం ఎగువ గోదావరి పడవ మార్గం పథకాన్ని వదిలేసింది. ఇంజినీర్లు వెళ్లిపోయారు, కూలీలు చెదిరిపోయారు. సాయం చేసే అధికారుల నీడన పుట్టిన మిషన్ కూడా అక్కడితో ఆగవచ్చు. ఆగలేదు. తర్వాత జాన్ కెయిన్ అనే మిషనరీ దుమ్ముగూడెంలో చాలా ఏళ్లు ఉన్నాడు. కోయ భాష నేర్చుకున్నాడు. భద్రాచలం, రేకపల్లి తాలూకాల కోయల ఆచారాల మీద 'ఇండియన్ యాంటిక్వెరీ' పత్రికలో వ్యాసాలు రాశాడు. ఆయన చూపు బయటివాడి చూపే. అన్నిటితో మనం ఏకీభవించనక్కర్లేదు. అయినా ఆ కాలపు మన పెద్దల జీవితం కొంత మనకు కాగితం మీద దొరుకుతున్నదంటే అది ఆ రాతల వల్లనే.

అయితే మిజో కొండల్లో పట్టినట్టు ఇక్కడ సొంత భాష చదువు వేళ్లూనుకోలేదు. బడి భాష, గుడి భాష రెండూ ఎక్కువగా తెలుగే అయ్యాయి. రెండు చోట్లా అక్షరం తెచ్చింది బయటివాళ్లే. కానీ మిజోలు పంతుళ్లను తామే తయారుచేసుకున్నారు, ఖర్చు తామే భుజాన వేసుకున్నారు, పాఠాన్ని తమ భాషలో నిలుపుకున్నారు. మన దగ్గర బడి చాలాకాలం ఎవరో ఒకరు వచ్చి నడిపే బడిగానే ఉండిపోయింది. ఇందులో కొండల దూరం, జనసంఖ్య, పరిపాలన లాంటి కారణాలు కూడా ఉన్నాయి. నేరమంతా మన పెద్దలదే అనడం న్యాయం కాదు.

దోర్నకల్ కథ దీనికి ఇంకో కోణం. 1903లో తిరునల్వేలి తమిళ క్రైస్తవులు విదేశీ డబ్బు లేకుండా, తమ చందాలతో, తమవారినే బోధకులుగా పంపాలని ఒక మిషన్ సంఘం పెట్టుకున్నారు. వాళ్లు ఎంచుకున్న చోటు అప్పటి నిజాం రాజ్యంలోని దోర్నకల్. ఆ సంఘాన్ని నిలబెట్టినవారిలో ముఖ్యుడు వి.ఎస్. అజరయ్య. ఆయన తెలుగు నేర్చుకుని ఇక్కడికే వచ్చి, 1912లో బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. ఆయన చుట్టూ చేరినవారిలో ఎక్కువమంది భూమి లేని పేద కూలీలు. వాళ్లను కూడా ఇవ్వమనే అడిగారు. పంటల పండుగనాడు ధాన్యం, కోళ్లు, గుడ్లు, కూరగాయలు తెచ్చి ఇచ్చేవారు. ఇవ్వడం గురించి ఆయన ఒక పుస్తకమే రాశారు. పేదవాణ్ణి ఎప్పుడూ పుచ్చుకునేవాడిగానే ఉంచడం అతని గౌరవాన్ని తగ్గించడమేనని ఆయన నమ్మకం. దోర్నకల్‌లో గోపురాలతో, రాతి స్తంభాలతో నిలిచిన పెద్ద చర్చి 1939లో పూర్తయింది.

డబ్బు ఆగిన రోజు

స్వాతంత్ర్యం తర్వాత పిల్లల కోసం వచ్చే విదేశీ సాయం కొత్త రూపం తీసుకుంది. దూరదేశంలో ఒక కుటుంబం నెలనెలా కొంత సొమ్ము పంపుతుంది. ఇక్కడ ఒక పిల్లవాడి ఫీజు, భోజనం, మందులు అందులోంచి వెళతాయి. చర్చి దాన్ని నడిపిస్తుంది. దీనివల్ల చదువుకుని ఉద్యోగాలు చేస్తున్నవారు మనకు తెలిసిన ఊళ్లలోనే ఉన్నారు. వాళ్లకు దక్కిన మేలును తక్కువ చేయలేం.

కానీ ఆ తాడు చాలా పొడవైనది. ఎక్కడ తెగినా దెబ్బ తగిలేది పిల్లవాడికే. విదేశీ విరాళాల మీద 1976లో ఒక చట్టం వచ్చింది. 2010లో దాని స్థానంలో కొత్తది వచ్చింది. కంపాషన్ ఇంటర్నేషనల్ అనే సంస్థ విదేశీ నిధులకు ప్రభుత్వం నుంచి అనుమతి దొరకక 2017 మార్చిలో మన దేశంలో పని మూసేసింది. దాని సాయం అందుతున్న పిల్లలు అప్పటికి దాదాపు 1,45,000 మంది. 2020 సవరణతో నిబంధనలు మరింత బిగిశాయి. ఒక సంస్థకు వచ్చిన విదేశీ విరాళాన్ని మరో సంస్థకు ఇవ్వడానికి వీల్లేదు. ఆఫీసు ఖర్చులు 20 శాతం దాటకూడదు. పెద్ద సంస్థ పుచ్చుకుని చిన్న ఊరికి పంచే దారి దాంతో మూసుకుపోయింది.

ఆ నిబంధనలు సరైనవా కావా అనే వాదన వేరే చోట చేసుకోవచ్చు. మనకు కనిపించే నిజం ఒకటే. నిర్ణయాలు ఢిల్లీలోనో విదేశంలోనో జరిగాయి. ఆ నిర్ణయాల్లో మన గూడెం పిల్లకు గానీ, ఆ పిల్ల తల్లికి గానీ మాట లేదు.

మన చేతిలో ఉన్న లెక్క

ఒక చిన్న లెక్క చేద్దాం. ఒక పిడికెడు బియ్యం 40 గ్రాములు అనుకుందాం. ఒక గూడెంలో 25 ఇళ్లు రోజుకు ఒక్క పూట ఆ పిడికెడు తీసిపెడితే రోజుకు కిలో. నెలకు 30 కిలోలు. ఆదివారం బడి పిల్లలకు నెలలో నాలుగు పూటల భోజనం పెట్టడానికి ఇందులో కొంత చాలు. మిగిలినది అమ్మితే పలకలు, బొమ్మల కాగితాలు, రంగులు వస్తాయి. తునికాకు, ఇప్పపూల కాలంలో ఇంకొంచెం చేర్చవచ్చు. కొత్తల పండుగకు, భూమి పండుగకు ఇంటింటికీ తిరిగి బియ్యం, కోడి, చందా పోగు చేయడం మనకు కొత్త కాదు. అందరి ఇంటి గింజ కలిస్తేనే పండుగ అవుతుందని మన పెద్దలకు ఏ మిషనరీ వచ్చి నేర్పలేదు.

చర్చి పిల్లల బడి నడిపే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీకు మేము చెప్పేది మూడు మాటలే.

మొదటిది, ఖర్చును ముక్కలు చేయండి. గది ఒకరు, దీపం ఒకరు, బియ్యం అందరూ. ఒక్క దాత మీద ఆనుకున్న బడి ఆ దాతతోపాటే పడిపోతుంది. బయటి సాయం వస్తే పుచ్చుకోండి. అది పెరట్లో బావి తవ్వడానికి పనికొస్తే మంచిది. రోజూ తాగే నీళ్ల కోసం దాని మీదే ఆధారపడకండి.

రెండోది, లెక్క బయట పెట్టండి. ఎంత బియ్యం వచ్చింది, ఎంతకు అమ్మారు, దేనికి ఖర్చు పెట్టారు అన్నది గోడ మీద కాగితం అంటించండి. చర్చికి రానివారు కూడా చదివేలా రాయండి. "బయటి డబ్బు" అనే అనుమానానికి అంతకంటే మంచి జవాబు లేదు.

మూడోది భాష. 2004 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కోయతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో తొలి తరగతుల వాచకాలు తయారయ్యాయి. అవి చాలా చోట్ల బీరువాల్లోనే ఉన్నాయి. మీ ఆదివారం బడిలో ఒక్క పాట, ఒక్క కథ మన భాషలో చెప్పండి. కథ చెప్పడానికి ఒక అవ్వను పిలవండి. ఆమె చర్చికి వచ్చే అవ్వ కాకపోయినా పరవాలేదు. చర్చికి వెళ్లని యువకులకూ ఇదే మాట. మీ వీధిలో సాయంత్రపు చదువు పెట్టాలన్నా, డోలు, కొమ్ము నేర్పాలన్నా, ఇదే పిడికెడు, ఇదే గోడ కాగితం పనికొస్తాయి.

గ్లోస్టర్ పిల్లలకు చదవడం వచ్చి, మెండిప్ పిల్లలకు రాయడం రాకపోవడానికి, వేల్స్ అవ్వ తన భాషలో చదవగలగడానికి, మిజో పంతులు తుపాకుల కాలంలో కూడా బడి నిలుపుకోగలగడానికి వెనుక ఉన్నది ఒకే లెక్క. ఎవరి గింజలతో బడి నడుస్తుందో ఆ బడిలో వారి మాటే చెల్లుతుంది. మన పిల్లల బడిలో మన మాట చెల్లాలంటే ఆ డబ్బాలో మొదటి పిడికెడు మన ఇంటినుంచే పడాలి.